కాలనీ కోసం గ్రూపు పెట్టాలనుకుంటున్నారా, ముందు ఒక చెత్త మూల పట్టుకోండి

మాది హౌసింగ్ బోర్డు వాళ్ళు కట్టిన పాత కాలనీ, హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు. ఎల్ఐజీ ఎంఐజీ ఇళ్ళు (తక్కువ, మధ్య ఆదాయం వాళ్ళ కోసం కట్టినవి), మొదట్లో అన్నీ ఒక్క అంతస్తే, ఇప్పుడు ఒక్కో ఇంటి మీద రెండు మూడు ఫ్లోర్లు లేచాయి, సగం మంది కిరాయికి ఉండేవాళ్ళే. నాలుగేళ్ళ నుంచి మేం కొంతమందిమి ఇక్కడ ఒక వాలంటీర్ గ్రూపు నడుపుతున్నాం, జీతాలు లేవు, పదవులు పెద్దగా లేవు, పొద్దున్నో ఆదివారమో టైం ఇచ్చేవాళ్ళే అందరూ. పక్క కాలనీల నుంచి అక్కలు, అన్నలు ఫోన్ చేసి మేం కూడా పెట్టాలనుకుంటున్నాం ఎలా మొదలుపెట్టాలి అని అడుగుతుంటారు, ప్రతిసారి ఫోన్లో అదే చెప్పేకన్నా ఒకసారి వివరంగా రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా.

మొట్టమొదట చెప్పాల్సింది ఏంటంటే మీటింగ్‌తో మొదలుపెట్టకండి. మేం మొదటిసారి అదే చేశాం. కమ్యూనిటీ హాల్‌లో కుర్చీలు వేసి టీ సమోసా తెప్పించి నలభై మందిని పిలిచాం, రెండు గంటలు మాట్లాడుకున్నాం, అందులో గంటన్నర ప్రెసిడెంట్ ఎవరు సెక్రటరీ ఎవరు అన్నదానికే పోయింది, ఇద్దరు పెద్దమనుషులు అలిగి వెళ్ళిపోయారు, మర్నాటి నుంచి ఎవరూ ఏమీ చేయలేదు. ఏడాది తర్వాత రెండోసారి ఐదుగురం కలిసి ఏ పేరూ పెట్టుకోకుండా పార్కు వెనక గేటు దగ్గర ఉన్న చెత్త మూల ఒక్కటి పట్టుకున్నాం, అది నిలబడింది. కాబట్టి మీరు కూడా అందరూ రోజూ చూసే పని, ముక్కు మూసుకుని దాటే చోటు, నెల రోజుల్లో తేడా కనపడేది ఒక్కటి ఎంచుకోండి. రోడ్డు వేయించడం, నాలా వెడల్పు చేయించడం లాంటివి ముందు పెట్టుకోవద్దు, అవి మన చేతిలో ఉండవు, ఆరు నెలలు తిరిగి ఏమీ కాకపోతే వచ్చిన నలుగురు కూడా రావడం మానేస్తారు.

చెత్త మూల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను ఎందుకంటే మాకు మిగతా పనులన్నీ అక్కడే అర్థమయ్యాయి. చెత్త ఎత్తించడం ఒక్కపూట పని, మళ్ళీ పడకుండా చూడటమే అసలు పని. అందుకని ముందు చీపురు పట్టుకోకండి, మూడు రోజులు ఊరికే చూడండి. మేం పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిది దాకా, రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా వంతులేసుకుని ఎదురింటి మేడ మీద నుంచి చూశాం, ఎవరు వేస్తున్నారు, ఏ టైంకి, ఏ రకం చెత్త అని ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాం, పేర్లు రాయలేదు, "స్కూటీ మీద ఇద్దరు, 7.10, నల్ల కవర్" ఇలా మాత్రమే. మూడో రోజుకి బొమ్మ మొత్తం తెలిసిపోయింది. స్వచ్ఛ ఆటో మా గల్లీకి వచ్చేది తొమ్మిదిన్నరకి, భార్యాభర్తలిద్దరూ డ్యూటీకి పోయే ఇళ్ళకి ఏడున్నరకే తాళం పడుతుంది, వాళ్ళు కవర్ పట్టుకుని పోతూ పోతూ ఇక్కడ పడేస్తున్నారు. పై ఫ్లోర్లలో ఉండే బ్యాచిలర్ పిల్లలకి అసలు ఆటో ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేదు, పైగా ఆటోకి ఇచ్చే నెల డబ్బులు ఓనర్ ఇవ్వాలా కిరాయిదారు ఇవ్వాలా తేలక ఆటో వాళ్ళు ఆ ఇంటి చెత్త తీసుకోవడం లేదు. టిఫిన్ బండి అన్న రాత్రి మూసేటప్పుడు అరిటాకులు, పేపర్ ప్లేట్లు ఒక సంచిలో తెచ్చి పెడుతున్నాడు. ఇంక బండ్ల మీద బయట నుంచి వచ్చి వేసిపోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు. సఫాయి అక్కని అడిగితే ఒక్క మాటలో చెప్పింది, "ఏం జేస్తం మేడం, ఆటో వచ్చేటాళ్ళకు ఇంట్ల ఎవ్వరుండరు, చెత్త ఎవలకియ్యాలె వాళ్ళు?" మేం వీళ్ళకి సివిక్ సెన్స్ లేదు అనుకుంటూ కూర్చున్నాం, ఆమె అసలు విషయం పట్టుకుంది.

అప్పుడు ఒక్కో కారణానికి ఒక్కో పని. తాళం వేసి పోయే ఇళ్ళ బకెట్లు పక్కింట్లో పెట్టి వెళ్తే వాళ్ళు ఆటోకి ఇచ్చేలా ప్రతి గల్లీలో ఇళ్ళకి ఇళ్ళని జతపరిచాం, ఇంట్లో ఉండే పెద్దవాళ్ళు చాలామంది సంతోషంగా ఒప్పుకున్నారు. ఓనర్లతో మాట్లాడి ఆటో డబ్బులు కిరాయిలోనే కలిపేయమన్నాం, బ్యాచిలర్ ఫ్లోర్ల మెట్ల దగ్గర ఆటో టైం రాసిన కాగితం అంటించాం, తెలుగు, హిందీ, ఉర్దూ మూడింట్లో రాయండి, మా దగ్గర మూడూ అవసరం పడ్డాయి. టిఫిన్ అన్నకి ఒక మూత డ్రమ్ము ఇచ్చి అది తన బండి దగ్గరే పెట్టుకునేలా, పొద్దున ఆటో మొదట అక్కడే ఆగేలా చూశాం. బయటవాళ్ళ కోసమే మనిషి నిలబడాల్సి వచ్చింది.

ఇవన్నీ సెట్ అయ్యాకే క్లీన్ చేసే రోజు పెట్టుకోండి. అంతకు రెండు మూడు రోజుల ముందే మీ ఏరియా శానిటేషన్ జవాన్‌ని (సఫాయి పనులు చూసే మున్సిపల్ ఉద్యోగి) కలిసి ఆదివారం పొద్దున బండి కావాలని అడగండి, ఎత్తిన చెత్త తీసుకుపోవడానికి బండి రాకపోతే ఆ కుప్ప రోడ్డు మధ్యలో మిగిలిపోతుంది, అంతకన్నా నీరసం ఇంకోటి ఉండదు. చేతికి మందపాటి గ్లౌజులు, కాలికి షూ (చెప్పులతో అస్సలు రావద్దు, పగిలిన ట్యూబ్‌లైట్లు, సూదులు కూడా ఉంటాయి), పారలు, గంపలు, మాస్కులు, బ్లీచింగ్ పౌడర్. ఎత్తేశాక కడిగి బ్లీచింగ్ చల్లి అదే రోజు సాయంత్రానికి ఆ చోటు మారిపోవాలి. మా దగ్గర ఆడవాళ్ళు పెద్ద ముగ్గు వేసి రంగులు నింపారు, పిల్లలు పాత పెయింట్ డబ్బాల్లో తులసి, బంతి, కలబంద పెట్టి గోడకి వరసగా పేర్చారు. ముగ్గు మీద చెత్త వేయడానికి మనవాళ్ళకి చెయ్యి రాదు, ఇది నేను కళ్ళారా చూశాను, ఒకాయన కవర్ పట్టుకుని వచ్చి ముగ్గు చూసి ఆగి మళ్ళీ బండికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత 21 రోజులు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఇద్దరిద్దరు నిలబడ్డాం. ఇక్కడ ఒక్క మనవి, ఎవరినీ తిట్టొద్దు, ఫోటో తీసి గ్రూపులో పెట్టొద్దు. మొదటి వారంలో మాలో ఒకరు కవర్ వేస్తున్న ఒక పనమ్మాయి ఫోటో తీసి పెట్టేశారు, ఆ చెత్త ఆమెది కాదు, పని చేసే ఇంటివాళ్ళది, పారేయమని ఇస్తే తెచ్చింది, చివరికి తిట్లు తిన్నది ఆమె, ఆ ఇల్లు పని కూడా పోయింది. మేం ఇంటికి వెళ్ళి ఆమెకి క్షమాపణ చెప్పి ఇంకో రెండు ఇళ్ళలో పని చూపించాం, కానీ ఆ రోజు ఆమె మొహం ఇప్పటికీ గుర్తుంది. "అన్నా, ఆటో తొమ్మిదిన్నరకి వస్తుంది, పక్కింట్లో ఇచ్చి వెళ్ళండి, మేం మాట్లాడతాం" అంటే చాలు, పది మందిలో తొమ్మిది మంది వింటారు.

తడి పొడి వేరు చేయడం గురించి మొదటి నెలలోనే క్లాసులు పీకొద్దు. ప్రభుత్వం పెట్టిన చెత్త రూల్స్ ప్రకారం తడి చెత్త, పొడి చెత్త, ఇంట్లో వచ్చే ప్రమాదకరమైన చెత్త (బ్యాటరీలు, బల్బులు, మందులు లాంటివి) వేరుగానే ఇవ్వాలి, ఆకుపచ్చ బుట్ట నీలం బుట్ట అందుకే. కానీ జనం ముందు ఆటోకి ఇవ్వడం అలవాటు చేసుకుంటే ఆ తర్వాత వేరు చేయమంటే వింటారు, రెండూ ఒకేసారి అడిగితే రెండూ పోతాయి. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు మాత్రం మొదటి రోజు నుంచే పేపర్లో చుట్టి వేరుగా ఇవ్వమని చెప్పండి, ఆటో మీద చెత్తని చేత్తో వేరు చేసేది కూడా మనలాంటి మనిషే కదా.

చెత్త మూల గెలిస్తే జనం వాళ్ళంతట వాళ్ళే వచ్చి వేరే సమస్యలు చెప్పడం మొదలుపెడతారు, అప్పుడు ఏ సమస్య ఎవరిదో తెలియాలి. ఇది తెలియకే సగం కంప్లైంట్లు గాల్లో తిరుగుతుంటాయి. మ్యాన్‌హోల్ పొంగినా, మురుగు లైన్ జామ్ అయినా, నల్లా నీళ్ళు రంగు మారినా అది జలమండలి పని, 155313 కి ఫోన్ చేయండి, వాటర్ బిల్లు మీద ఉండే క్యాన్ నంబర్ దగ్గర పెట్టుకోండి, అది లేకపోతే కంప్లైంట్ తీసుకోవడానికి చాలా టైం పోతుంది. వాన నీళ్ళ కాలవ, నాలాలో పూడిక, చెత్త, దోమల మందు, వీధి లైటు, పార్కు ఇవన్నీ మున్సిపల్ వాళ్ళవి, వాళ్ళ కాల్ సెంటర్ 040-21111111. వైర్లు వేలాడుతున్నా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మెరుపులు వచ్చినా కరెంటు వాళ్ళది, 1912. వీధి లైటు వెలగకపోతే కరెంటు ఆఫీసుకి వెళ్ళి గొడవపడేవాళ్ళని నేను చాలామందిని చూశాను, స్తంభం వాళ్ళది, బల్బు మున్సిపల్ వాళ్ళది. కంప్లైంట్ ఇచ్చిన ప్రతిసారి నంబర్ తీసుకుని తేదీతో రిజిస్టర్లో రాయండి. వారం దాటితే అదే నంబర్ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళండి, ఒక్కరు వెళ్ళకండి, నలుగురు వెళ్ళండి, అందులో ఇద్దరైనా ఆడవాళ్ళు ఉండాలి, అరవకండి, ఫోటో ప్రింట్ తీసి ల్యాండ్‌మార్క్ రాసి చేతికివ్వండి, ఇంకో కాపీ మీద రిసీవ్డ్ స్టాంప్ వేయించుకోండి. మా పార్కు ముందు వాన నీళ్ళ కాలవ మూత విరిగి ఐదు నెలలు అలాగే ఉంది, ఎన్నిసార్లు చెప్పినా ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి పంపారు, చివరికి ఆ స్టాంపు కాపీలన్నీ కట్ట కట్టి సోమవారం ప్రజావాణిలో (అధికారులు నేరుగా ఫిర్యాదులు తీసుకునే రోజు) ఇస్తే పదిహేను రోజుల్లో కొత్త మూత పడింది. అప్పటికీ పని కాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, 2005 నాటిది, పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి, ఫలానా తేదీన ఇచ్చిన ఫలానా కంప్లైంట్ మీద ఏ చర్య తీసుకున్నారు అని ఒక్క ప్రశ్న అడగండి చాలు, పది ప్రశ్నలు అడిగితే పది రకాలుగా తప్పించుకుంటారు.

మురుగు మ్యాన్‌హోల్ విషయంలో మాత్రం దయచేసి ఒకటి గుర్తుపెట్టుకోండి. ఎంత అర్జెంటైనా, ఎంత డబ్బు ఇస్తామన్నా, ఎవరినీ లోపలికి దింపొద్దు. 2013 లో వచ్చిన చట్టం దాన్ని నేరం అంటుంది, చట్టం సంగతి పక్కన పెట్టినా లోపల గ్యాస్‌కి క్షణాల్లో ప్రాణం పోతుంది. మురుగు లైన్ శుభ్రం చేసే ఎయిర్‌టెక్ మిషన్ వచ్చేదాకా ఒకపూట వాసన భరిద్దాం. మా గల్లీలో ఒకసారి పండగ పూట పొంగితే ఎవరో అడ్డా మీద నుంచి ఒక కూలీ అన్నని తీసుకొచ్చారు, ఆయన చొక్కా విప్పుతుంటే మా రిటైర్డ్ మాస్టారు వెళ్ళి మూత మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు, నేను లేస్తేనే నువ్వు దిగేది అన్నారు. సాయంత్రానికి మిషన్ వచ్చింది.

డబ్బుల విషయం మొదట్లోనే తేల్చుకోండి. మొదటి ఏడాది మా దగ్గర చందాలు ఒక సార్ సొంత ఫోన్ నంబర్‌కే వచ్చేవి, ఆయన నిప్పులాంటి మనిషి, ఒక్క రూపాయి అటు ఇటు కాలేదు, అయినా ఎవరో ఒకరు వెనక ఒక మాట అన్నారు, అది ఆయన చెవిన పడింది, ఆయన లెక్కల పుస్తకం తెచ్చి మా ఇంట్లో టేబుల్ మీద పెట్టి ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఆయన్ని మళ్ళీ తీసుకురావడానికి మాకు ఏడు నెలలు పట్టింది. తప్పు ఆయనది కాదు, పద్ధతి పెట్టుకోని మాది. అందుకే డబ్బులు వసూలు చేసే ముందే సొసైటీ రిజిస్టర్ చేసుకోండి, 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు ఉంటే చాలు, బైలాస్ (సంఘం నియమాలు), సభ్యుల ఐడీలు, అడ్రస్ ప్రూఫ్ పెట్టి రిజిస్ట్రార్ దగ్గర అప్లై చేయాలి, తర్వాత పాన్ తీసుకుని సొసైటీ పేరు మీదే బ్యాంకు ఖాతా, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు తీసేలా. క్యూఆర్ కోడ్ ఆ ఖాతాదే ఉండాలి. అప్పటిదాకా అసలు డబ్బు వసూలు చేయకుండా వస్తువుల రూపంలో అడగండి, ఒకరు చీపుర్లు, ఒకరు బ్లీచింగ్, ఒకరు టీ. నెలాఖరున వచ్చింది ఇంత, పోయింది ఇంత, బిల్లులు ఇవిగో అని కాగితం మీద రాసి పార్కు గేటు దగ్గర బోర్డుకి అంటించండి, ఫోన్లో పెట్టేస్తే సరిపోదు, ఫోన్ చూడని పెద్దవాళ్ళే అందరికంటే ఎక్కువ చందా ఇస్తారు. ఇంకోటి, వినాయక చవితి, బోనాల చందాలు, కాలనీ ఫండ్ ఎప్పటికీ కలపకండి, పండగ కమిటీ వేరు, ఇది వేరు. బతుకమ్మకి మాత్రం గ్రూపు తరఫున మనుషులుగా వెళ్ళండి, తొమ్మిది రోజులు ఆడవాళ్ళందరూ సాయంత్రం పార్కులో ఉంటారు, మాకు సగం వాలంటీర్లు అక్కడ దొరికినవాళ్ళే.

వాట్సాప్ గ్రూప్ గురించి పెద్దగా చెప్పను, రెండు పెట్టండి, ఒకటి పని గ్రూపు, ఇంకోటి అందరి కబుర్ల గ్రూపు. పని గ్రూపులో గుడ్ మార్నింగులు, పార్టీల పోస్టులు, ఫార్వర్డ్‌లు ఉండవు, ఫోటో, చోటు, తేదీ, ఎవరు చూసుకుంటున్నారు, అంతే. ఎలక్షన్ల టైంలో గ్రూపు పేరు మీద ఏ నాయకుడికీ శాలువా కప్పకండి, ఎవరు గెలిచినా రేపు మన కాలవ కోసం వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

కిరాయిదారుల్ని కలుపుకోవడం గురించి చెప్పి తీరాలి. చాలా కాలనీ సంఘాల్లో ఓనర్లకే సభ్యత్వం, ఓనర్లకే మాట. మా కాలనీలో సగం మంది ఓనర్లు అమెరికాలోనో గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలోనో ఉంటారు, ఇక్కడ నీళ్ళు రాకపోయినా దోమలు కుట్టినా బాధపడేది కిరాయికి ఉండేవాళ్ళు. మేం బైలాస్‌లోనే రాసుకున్నాం, కాలనీలో ఆరు నెలలుగా ఉంటున్న ఎవరైనా సభ్యులే అని. వాచ్‌మన్ కుటుంబాలు కూడా. మా గల్లీలో ఏ వాల్వ్ ఎక్కడుందో, నల్లా నీళ్ళు ఏ రోజు ఏ టైంకి ఎంత ప్రెషర్‌తో వస్తాయో ఓనర్లకి తెలియదు, వాచ్‌మన్ భార్యకి తెలుసు. మీటింగ్ పెడితే ఆమె పని అయ్యాక వచ్చే టైంకి పెట్టండి, రమ్మని కుర్చీ వేయండి, వెనక నిలబెట్టొద్దు.

వానాకాలం మొదలయ్యే ముందు, అంటే మే చివర్లోనే, దోమల పని మొదలుపెట్టాలి. డెంగీ దోమ మురుగులో పుట్టదు, మన ఇంట్లో నిలవున్న మంచినీళ్ళలో పుడుతుంది, పగలు కుడుతుంది. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికి ఒక్కసారి నీళ్ళు పారబోస్తే చాలు, మధ్యలోనే తెగిపోతుంది. 2020 లో మన దగ్గర ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని ప్రచారం చేశారు కదా, మేం దాన్నే పట్టుకుని ఇప్పటికీ నడుపుతున్నాం. పిల్లలకి టార్చిలైట్లు ఇచ్చి ఇళ్ళకి పంపుతాం, పెద్దవాళ్ళు వెళ్తే తనిఖీకి వచ్చారా అంటారు, పిల్లలు వెళ్తే బిస్కెట్లు పెట్టి మరీ చూపిస్తారు. కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, మొక్కల కుండీ కింద ప్లేటు, మేడ మీద పాత టైరు, కొబ్బరి చిప్పలు, సంపు మూత సందు. ఒకసారి మా ఇంట్లోనే దొరికింది, పూజ గదిలో కలశం పక్కన పువ్వుల కోసం పెట్టిన ఇత్తడి గిన్నె, ఆరో క్లాసు పాప టార్చి వేసి "ఆంటీ, కదులుతున్నాయి" అంది, సన్నటి దారప్పోగుల్లా పైకీ కిందకీ ఊగుతూ పది పన్నెండు పిల్లపురుగులు. మేం ఏళ్ళ తరబడి పొగ కొట్టించమని అడుగుతూ వచ్చాం, పొగకి ఎగిరే దోమలే పోతాయి, గిన్నెలో ఉన్నవి అలాగే ఉంటాయి.

పార్కు ఉంటే ముందు దాని లేఅవుట్ కాపీ సంపాదించండి, హద్దులు ఎంతవరకో కాగితం మీద మీ దగ్గర ఉండాలి, ఎవరైనా గోడ జరిపితే అప్పుడు వెతుక్కోవడం కష్టం. పార్కులు, చెరువుల కబ్జాల మీద 2024 జూలైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రాకి కూడా ఫిర్యాదు ఇవ్వచ్చు, కాగితాలు ఉంటేనే బలం. మొక్కలు నాటేటప్పుడు నీడనిచ్చేవి, మన నేలవి పెట్టండి, వేప, కానుగ, నేరేడు, పొగడ. కరెంటు తీగల కింద పెట్టకండి, నాలుగేళ్ళకి వాళ్ళే వచ్చి తలలు నరుకుతారు. నాటే రోజు అందరూ వస్తారు, ఫోటో దిగుతారు, ఏప్రిల్ మేలో నీళ్ళు పోసేవాళ్ళే కావాలి, కాబట్టి నీళ్ళు పోసే ఇల్లు ఒప్పుకున్నాకే ఆ ఇంటి ముందు మొక్క పెట్టండి. మేం వంద మొక్కలు తెచ్చి నలభై ఇళ్ళే ఒప్పుకుంటే నలభై పెట్టి మిగతావి తిరిగి ఇచ్చేశాం, ఆ నలభైలో ముప్పై ఆరు బతికాయి.

ఇంకుడు గుంత తవ్వించడం కూడా గ్రూపుకి మంచి పని, బోర్లు ఎండి ట్యాంకర్లు కొనే కాలనీలో దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. పార్కులో వాన నీరు చేరే పల్లంలో తవ్వించి అడుగున సగం లోతు దాకా 40 ఎంఎం రాయి, దాని మీద పావు వంతు 20 ఎంఎం కంకర, పైన దొడ్డు ఇసుక పొర, మిగతా పైభాగం నీళ్ళు నిలవడానికి ఖాళీ. ప్రతి ఏడాది వానలకి ముందు పై ఇసుక తీసి కడిగి మళ్ళీ వేయాలి, లేకపోతే బురద పేరుకుని నీళ్ళు దిగవు. మురుగు నీళ్ళు మాత్రం అందులోకి రానివ్వకండి.

లైట్ల కోసం ఒక సాయంత్రం ఏడున్నరకి ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు కలిసి కాలనీ మొత్తం నడవండి, ఎక్కడ అడుగు వేగం పెరిగిందో అక్కడ లైటు కావాలి, ఆ చోట్లన్నీ రాసుకుని ఒకే లెటర్‌లో ఇవ్వండి. మాకు పదకొండు చోట్లు తేలాయి, మగవాళ్ళు తయారుచేసిన పాత లిస్టులో నాలుగే ఉన్నాయి.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ సంగతి చివర్లో చెప్తున్నా గానీ నా వరకు ఇదే అన్నింటికన్నా ముఖ్యమైన పని. పిల్లలు విదేశాల్లో, ఇక్కడ డెబ్బై ఎనభై ఏళ్ళ మనిషి ఒక్కరే, మా కాలనీలో అలాంటి ఇళ్ళు పందొమ్మిది ఉన్నాయి. రోజూ వెళ్ళి పలకరిస్తే కొంతమందికి నచ్చదు, వాళ్ళ గౌరవం వాళ్ళకి ఉంటుంది. అందుకని పాల ప్యాకెట్ చూస్తాం. పొద్దున ఐదున్నరకి పాలబ్బాయి గేటుకి సంచిలో ప్యాకెట్ వేసి పోతాడు, ఎనిమిదింటికి కూడా ఆ సంచి అలాగే ఉంటే పక్కింటివాళ్ళు బెల్లు కొట్టాలి, తీయకపోతే గ్రూపులో ఫోన్ చేయాలి, ఒక తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ముందే రాసి పెట్టుకుంటాం. పోయిన చలికాలం నాలుగో లైన్‌లో ఒక అమ్మమ్మ గారి గేటుకి సంచి ఎనిమిదింపావు దాకా ఉంది. వెళ్ళి చూస్తే బాత్రూంలో జారిపడి లేవలేక తెల్లవారుజాము నుంచి నేల మీదే ఉన్నారు, తుంటి ఎముక విరిగింది, తెలివిలో ఉన్నారు, మమ్మల్ని చూడగానే అడిగిన మొదటి మాట "పాలు విరిగిపోలేదు కదమ్మా". ఇప్పుడు వాకర్‌తో నడుస్తున్నారు. ఇది మొదలుపెట్టేముందు పిల్లలతో వీడియో కాల్‌లో మాట్లాడి వాళ్ళ పర్మిషన్, డాక్టర్ నంబర్, వాడే మందుల లిస్టు తీసుకోండి. పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14567 ఉంది, అది కూడా ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

మనుషులు అలిసిపోతారు, అది ముందే లెక్కలోకి తీసుకోండి. ఒకరికి వారానికి రెండు గంటలకి మించి పని ఇవ్వకండి, పరీక్షలప్పుడు, పెళ్ళిళ్ళ సీజన్లో, ఇంట్లో ఎవరికైనా బాగోలేనప్పుడు రాలేనని చెప్పడానికి ఎవరూ మొహమాటపడకూడదు. ప్రతి పనికి ఇద్దరు ఉండాలి, ఒకరు చేసేవాళ్ళు, ఒకరు నేర్చుకునేవాళ్ళు, ఏడాదికి మారాలి. మా దగ్గర అన్నీ ఒక పెద్ద లాంగ్ బుక్‌లో ఉంటాయి, వాల్వ్‌లు ఎక్కడున్నాయో చేత్తో గీసిన మ్యాపు, ఆటో అన్న నంబరు, జవాన్ నంబరు, కంప్లైంట్ నంబర్లు తేదీలతో, మొక్కలకి నీళ్ళు పోసే ఇళ్ళ లిస్టు, తాళం చెవులు ఎవరి దగ్గరున్నాయో, రిజిస్ట్రేషన్ కాగితాల జిరాక్స్, సొసైటీ పాస్‌బుక్. ఉగాది రోజు పచ్చడి తిన్నాక ఆ పుస్తకం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుతుంది. ఈ ఏడాది అది మూడో లైన్‌లో పై ఫ్లోర్‌లో కిరాయికి ఉండే అమ్మాయి దగ్గరికి వెళ్ళింది, నైట్ షిఫ్ట్ చేస్తుంది, పొద్దున ఆరింటికి క్యాబ్ దిగి చెత్త మూల దగ్గర ముగ్గు చెరిగిందేమో చూసి పైకి వెళ్ళి పడుకుంటుంది.